సీసా ఎక్సైజుది, గంజాయి పోలీసుది... మనిషి ఎవరి వంతు?

మద్యం మీద, మాదకద్రవ్యాల మీద అధికారం రాజ్యాంగంలో ఒకే చేతిలో లేదు. మద్యం తయారీ, రవాణా, అమ్మకం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 8వ అంశం. దాని మీద వేసే ఎక్సైజ్ సుంకం అదే జాబితాలో 51వది. మందులు, విషపదార్థాలు ఉమ్మడి జాబితాలో 19వ అంశం. నల్లమందు సాగు కేంద్ర జాబితాలో ఉంది. గంజాయి, హెరాయిన్, కొకైన్ వంటివాటికి 1985 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) వర్తిస్తుంది. చట్టం చేసింది కేంద్రం, దాని కింద ఎక్కువ కేసులు పెట్టేది రాష్ట్ర పోలీసులు. ఆసుపత్రులు, ప్రజారోగ్యం మళ్లీ రాష్ట్రానివే. వైద్యానికి తప్ప మత్తు పానీయాలను, ఆరోగ్యాన్ని చెరిచే మందులను నిషేధించేందుకు రాజ్యం ప్రయత్నించాలని 47వ అధికరణం చెబుతుంది. అది ఆదేశిక సూత్రం. కోర్టుకు వెళ్లి అమలు చేయించుకునే హక్కు కాదు.

ఈ పంపకం ఊళ్లోకి వచ్చేసరికి శాఖల గోడలుగా మారుతుంది. ఒకే ఇంట్లో తండ్రి తాగుడు ఎక్సైజ్ పద్దులో ఆదాయం. కొడుకు గంజాయి పోలీసు పద్దులో నేరం. ఇద్దరి చేతుల వణుకూ ఆసుపత్రి పద్దులో ఓపీ చీటీ. మూడు పద్దుల బరువూ ఒకేసారి మోసేది ఆ ఇంటి ఇల్లాలు.

మత్తు నివారణలో మూడు పనులున్నాయి. సరఫరాను తగ్గించడం, గిరాకీని తగ్గించడం, అలవాటు పడినవారికి వైద్యం అందించడం. మూడూ ఒకే చోట, ఒకే వేళకు జరిగేలా చూడటమే సమన్వయం. ఒకటి ముందుకు పరుగెత్తి మిగతా రెండూ వెనకబడితే ఏమవుతుందో తెలుగు రాష్ట్రాల మూడు దశాబ్దాల అనుభవం చూపిస్తుంది.

ఎంతమంది, ఎక్కడ

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన జాతీయ మత్తు చికిత్స కేంద్రం జరిపిన సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వారిలో 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి తాగుడు వల్ల సాయమో చికిత్సో అవసరమైన స్థితి వచ్చింది. గంజాయి, భంగు వంటివి వాడేవారు సుమారు 3.1 కోట్లు. మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒకరికే. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు.

2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రాష్ట్రాలవారీ తేడాను చూపించింది. 15 ఏళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు దేశం మొత్తం మీద 19 శాతానికి కాస్త అటూఇటూ. తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. మహిళల్లో తెలంగాణలో 6.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం. పెళ్లికీ చావుకీ బోనాలకూ కల్లు సాక పోసే ఆచారమున్న పల్లెకు, తాగుడును చాటుగా దాచే పల్లెకు ఒకే ప్రచారం పనికిరాదు. ఏజెన్సీలో గంజాయి పండే ఊరి సమస్య ఒకటి, అది చేరే నగరం సమస్య మరొకటి. అందుకే విధానం రాజధానిలో తయారైనా పథకం జిల్లాకో తీరుగా మారాల్సి వస్తుంది.

ఊరు మొదలుపెట్టింది

నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో 1992లో సారా వ్యతిరేక పోరాటం మొదలైంది. అప్పటికి సారా చాటుమాటు సరుకు కాదు. 1980లలో వచ్చిన వారుణి వాహిని పథకం కింద ప్రభుత్వమే దాన్ని సీసాల్లో, ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరఫరా చేసేది. పాటదారులు వేలంలో దుకాణాలు దక్కించుకుని వాడవాడకూ చేర్చేవారు. కూలి డబ్బు ఇల్లు చేరకముందే సారా కొట్టు చేరేది.

అదే జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న మహిళలకు వాచకంలో తమ కథే పాఠంగా ఎదురైంది. ఆడవాళ్లు ఏకమైతే సారా కొట్టు మూయించగలరన్నది ఆ పాఠం సారాంశం. దూబగుంట మహిళలు అదే చేశారు. వారిలో ముందు నిలిచిన రోశమ్మ పేరు ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మగా నిలిచిపోయింది. పక్క ఊళ్లు అందుకున్నాయి. జిల్లాలో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి.

ఇక్కడ పనిచేసింది ప్రభుత్వపు రెండు చేతుల మధ్య ఉన్న వైరుధ్యమే. ఒక చేయి సారా అమ్మింది, ఇంకో చేయి పలక ఇచ్చింది. పలక పట్టిన మహిళలు సారా చేతిని ఆపారు. కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1994 డిసెంబరులో మళ్లీ అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు.

నిషేధం రెండేళ్లు దాటి కొద్ది నెలలే నిలిచింది. చుట్టూ ఉన్న రాష్ట్రాల్లో మద్యం దొరికేది. అప్పటి తూర్పుగోదావరి జిల్లా మధ్యలో ఉన్న యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కనుక నిషేధం అక్కడికి వర్తించలేదు. సరిహద్దు దాటి సీసాలు వచ్చాయి, ఊళ్లలో నాటుసారా బట్టీలు లేచాయి. ఖజానాకు రాబడి పోయింది. చంద్రబాబునాయుడు ప్రభుత్వం 1997లో నిషేధాన్ని సడలించింది. సారాపై నిషేధం మాత్రం కొనసాగింది.

ఊరు కోరి నిలబెట్టుకున్నది సారా నిషేధం. దుకాణం మూతపడిందా లేదా అని రోజూ చూసే కళ్లు వీధిలోనే ఉన్నాయి. సంపూర్ణ నిషేధం భారమంతా ఎక్సైజ్, పోలీసు శాఖల మీద పడింది. అలవాటు పడిన లక్షల మందికి చికిత్స ఏర్పాటు ఆ రెండు దశల్లోనూ వెనకబడే ఉంది.

దుకాణం పాట, ఖజానా లెక్క

మద్యం ఆదాయం రాష్ట్రానిది, హాని ఊరిది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ 3,396 దుకాణాలను ప్రైవేటు వ్యాపారులకు ఇచ్చింది. దరఖాస్తుకు తిరిగి రాని రుసుము 2 లక్షల రూపాయలు. వచ్చిన దరఖాస్తులు 89,882. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు దాదాపు 1,798 కోట్లు చేరాయి. తెలంగాణలో 2,620 దుకాణాలకు 2023లో ఇదే పద్ధతిలో 2,600 కోట్లకు పైగా వచ్చింది. అంతకుముందు ఐదేళ్లు ఆంధ్రప్రదేశ్ మరో దారి తొక్కింది. 2019 అక్టోబరు నుంచి దుకాణాలను ప్రభుత్వ సంస్థే నడిపింది, వాటి సంఖ్యను 4,380 నుంచి 3,500కు, తర్వాత ఇంకా కిందికి తగ్గించింది. ధరలు పెంచింది. దుకాణం ఎవరు నడిపినా ఆదాయం కోరే శాఖ, తాగుడు తగ్గించాల్సిన శాఖ ఒకటే కావడం మారలేదు.

లైసెన్సు దుకాణాల లెక్క పుస్తకంలో ఉంటుంది. బెల్టు దుకాణాల లెక్క ఉండదు. లైసెన్సు దుకాణం నుంచి సీసాలు తెచ్చి కిరాణా కొట్టులోనో ఇంటి వసారాలోనో అమ్మేదే బెల్టు దుకాణం. అది తెల్లవారకముందే తెరుచుకుంటుంది, అప్పు ఇస్తుంది, ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. దుకాణాల సంఖ్య తగ్గించామని సచివాలయం చెప్పే లెక్కకూ ఊళ్లో దొరికే సరుకుకూ పొంతన కుదరనిది ఇందువల్లే. ఎక్సైజ్ స్టేషనుకు పదుల గ్రామాలు, కొద్దిమంది కానిస్టేబుళ్లు ఉంటారు. బెల్టు దుకాణం ఎక్కడుందో ముందు తెలిసేది పొదుపు సంఘం మహిళలకు, పంచాయతీ వార్డు సభ్యులకు.

చట్టం ఊరికి ఇచ్చిన బలం అన్నిచోట్లా ఒకటి కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభ, పంచాయతీల స్థాయికి దించింది. మైదానంలోని పంచాయతీకి అంతటి అధికారం లేదు. అది తీర్మానం చేస్తుంది, ఎక్సైజ్ శాఖకు పంపుతుంది, ఊళ్లో అమ్మితే జరిమానా అని కట్టుబాటు పెట్టుకుంటుంది. ఆ కట్టుబాటు వెనుక ఎక్సైజ్ దాడి లేకపోతే నెల తిరక్కుండానే అమ్మకం మళ్లీ మొదలవుతుంది.

కొండ మీది పంట

గంజాయి దారి వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ముంచంగిపుట్టు, పెదబయలు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెంకొత్తవీధి మండలాలు, వాటిని ఆనుకుని ఒడిశాలోని మల్కనగిరి, కోరాపుట్ జిల్లాలు దీనికి పేరుపడ్డాయి. శీలావతి అనే రకానికి బయటి రాష్ట్రాల్లో గిరాకీ. పెట్టుబడి, విత్తనం బయటి వ్యాపారిది. చేను, చాకిరీ గిరిజనుడివి. వానకాలంలో నాటితే చలికాలానికి చేతికొస్తుంది. సరుకు భుజాల మీద ఘాట్ దిగి, వాహనాలెక్కి, రైళ్లెక్కి హైదరాబాద్ మీదుగా మహారాష్ట్రకూ, దక్షిణాదికీ చేరుతుంది. దొరికేది సాధారణంగా మోసుకెళ్లే కూలీ, డ్రైవర్. 20 కిలోలకు మించితే అది వాణిజ్య పరిమాణం. శిక్ష 10 నుంచి 20 ఏళ్లు, బెయిలు దొరకడం కష్టం. పెట్టుబడి పెట్టినవాడు ఆ బస్తాకు చాలా దూరంగా ఉంటాడు.

2021 చివరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన్ చేపట్టి దాదాపు 7,500 ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. తోట నరకడం ఒక్క రోజు పని. ఆ చేలో మరో పంట నిలబెట్టడానికి ఏళ్లు పడుతుంది. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు కావాలి. మధ్యలో ఆ కుటుంబం తినడానికి పసుపు, రాజ్‌మా, పిప్పలి వంటివి కావాలి, వాటిని గిట్టుబాటు ధరకు కొనే చోటు కావాలి, సరుకు దించే రోడ్డు కావాలి. ఇవేవీ పోలీసు శాఖ చేతిలో లేవు. పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), ఉద్యాన శాఖ, కాఫీ బోర్డు, రోడ్లు భవనాల శాఖల చేతుల్లో ఉన్నాయి. కొడవలి వెంటే మొక్క కూడా వెళ్లిన చోట గంజాయి తిరిగి రావడం తగ్గుతుంది. కొడవలి ఒక్కటే వెళ్లిన చోట పంట ఇంకాస్త లోపలి కొండకో, సరిహద్దు అవతలికో జరుగుతుంది.

ఎన్‌డీపీఎస్ చట్టం స్థానిక సంస్థను నేరుగా బాధ్యురాలిని చేసిన చోటు కూడా ఉంది. తన ఎరుకలో గంజాయి సాగు జరుగుతుంటే సర్పంచి, వార్డు సభ్యుడు, గ్రామాధికారి వెంటనే సమాచారం ఇవ్వాలని 47వ సెక్షన్ చెబుతుంది. ఇవ్వకపోతే శిక్ష. కానీ సమాచారమిచ్చిన సర్పంచికి ఆ రాత్రి రక్షణ ఎవరిది, నరికిన చేనుకు మరుసటి కారులో విత్తనం ఎవరిది అన్నవాటికి జవాబు లేకుండా ఈ సెక్షన్ కాగితం దాటదు.

రాష్ట్ర స్థాయిలో ఇప్పుడు ప్రత్యేక దళాలున్నాయి. తెలంగాణ 2023 మేలో మాదకద్రవ్యాల నిరోధక బ్యూరోను ప్రారంభించింది. దాని ఫోన్ నంబరు 1908. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఈగల్ పేరుతో దళాన్ని ఏర్పాటు చేసింది. దాని నంబరు 1972. 2025 జూన్‌లో తెలంగాణ బ్యూరో కూడా ఈగల్ అనే పేరే పెట్టుకుంది. పండే కొండ ఒక రాష్ట్రంలో, సరుకు నడిచే రహదారి ఇంకో రాష్ట్రంలో, కొనే కాలేజీ కుర్రాడు మరో నగరంలో ఉన్నప్పుడు పేర్లు కలవడం కన్నా సమాచారం కలవడం ముఖ్యం.

సరుకు ఆగిన రోజు

సమన్వయం లేకపోతే ఏమవుతుందో తెలిసేది సరఫరా హఠాత్తుగా ఆగినప్పుడు. తెలంగాణలో కొన్ని కల్లు కాంపౌండ్లలో తాటికల్లు, ఈతకల్లు చాలకపోతే నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, అల్ప్రాజోలం వంటి నిద్రమందులు కలిపి అమ్మడం ఏళ్ల తరబడి సాగింది. 2015లో ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో నిత్యం తాగేవారికి ఒక్కసారిగా మందు అందలేదు. వింత ప్రవర్తన, మూర్ఛలు, వణుకుతో జనం ఆసుపత్రులకు బారులు తీరారు. కొందరు చనిపోయారు. ఎక్సైజ్ శాఖ చేసింది తప్పు పని కాదు. దాడులు మొదలవుతాయన్న కబురు ఆసుపత్రులకు ముందే చేరి, పడకలూ మందులూ సిద్ధమై ఉంటే అది సగం పని కాకుండా పూర్తి పని అయ్యేది. కల్తీ ఆగలేదన్నది 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోవడంతో మళ్లీ తెలిసింది.

2020 మార్చి లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు రాత్రికి రాత్రి మూతపడ్డాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు మద్యం అందక విలవిలలాడేవారి రాక ఒక్కసారిగా పెరిగింది. అదే ఏడాది జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా వల్ల దుకాణాలు మూసి ఉండగా శానిటైజర్ తాగి పది మందికి పైగా మరణించారు.

దీని వెనుక శరీర ధర్మం ఉంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు మద్యం మత్తును తట్టుకునేలా తనను తాను హెచ్చు వేగంలో పెట్టుకుంటుంది. మద్యం ఆగగానే ఆ వేగానికి అడ్డు ఉండదు. చివరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరిలో లేనివి కనిపించడం, వినిపించడం, తీవ్రమైన కలవరం మొదలవుతాయి. అదే ప్రాణాంతకమైన దశ. సమయానికి డైజీపాం, క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందులను క్రమంగా తగ్గిస్తూ ఇస్తే, బి1 విటమిన్ అందిస్తే గండం గడుస్తుంది. ఇవి ఖరీదైన మందులు కావు. వాటిని ఎప్పుడు, ఎంత ఇవ్వాలో తెలిసిన వైద్యుడు మండల స్థాయిలో ఉండటమే కావాల్సింది.

చికిత్స మెట్లు

వణుకు తగ్గించడం మొదటి మెట్టు మాత్రమే. మద్యం మీద యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటి మందులు, తాగితే కడుపులో తిప్పే డైసల్ఫిరామ్ రెండో మెట్టు. హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుకు బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులను పర్యవేక్షణలో దీర్ఘకాలం ఇస్తారు. గంజాయికి ఇలా ప్రత్యేకించిన మందు లేదు. మాటలతో, అలవాట్ల మార్పుతో చేసే చికిత్సే ఆధారం. మూడో మెట్టు కుటుంబంతో మాట్లాడటం, ఉపాధి చూపించడం, మళ్లీ జారితే నిందించకుండా తిరిగి చేర్చుకోవడం. మత్తు వ్యసనం మధుమేహంలాగా మళ్లీ మళ్లీ తలెత్తే రుగ్మత. ఒక్కసారి నయం చేసి వదిలేసేది కాదు.

చట్టాలు ఈ దృష్టిని ఒప్పుకున్నాయి. మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో వచ్చే మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రుగ్మతల నిర్వచనంలో చేర్చింది. కాబట్టి చికిత్స హక్కు అవుతుంది, బలవంతంగా గదిలో బంధించడం నేరమవుతుంది. తక్కువ పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే వీలు ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌లో ఉంది. ఆ సంగతి స్టేషనులో చెప్పేవారు ఉండాలి, పంపడానికి దగ్గర్లో చికిత్స కేంద్రం ఉండాలి.

ఏర్పాట్లు పలు శాఖల కింద చెల్లాచెదురుగా ఉన్నాయి. సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సమీకృత పునరావాస కేంద్రాలు, ఎయిమ్స్ సాయంతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో పెట్టిన వ్యసన చికిత్స విభాగాలు, ఆరోగ్య శాఖ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, నశా ముక్త్ భారత్ ప్రచారం ఎవరికివారుగా సాగుతున్నాయి. వ్యసనం గురించి అడగడానికి 14446, మానసిక ఇబ్బందికి టెలీ మానస్ 14416, మాదకద్రవ్యాల సమాచారం ఇవ్వడానికి కేంద్రం నంబరు 1933. ఫోను చేసే తల్లికి ఏది చికిత్సకు, ఏది ఫిర్యాదుకు అన్నది తెలియకపోతే భయపడి ఏదీ చేయదు. కొడుకు మీద కేసు పడుతుందేమోనన్నదే ఆ భయం.

కలెక్టర్ బల్ల దగ్గర

ఈ శాఖలన్నీ ఒక బల్ల చుట్టూ కూర్చునే చోటు జిల్లా. కేంద్రం 2016లో ఏర్పరచిన ఎన్‌కార్డ్ అనే మాదకద్రవ్యాల నియంత్రణ సమన్వయ వ్యవస్థను 2019లో నాలుగు అంచెలుగా మార్చారు. పై రెండు అంచెలు కేంద్రంలో, మూడోది ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన రాష్ట్రంలో, నాలుగోది కలెక్టర్ అధ్యక్షతన జిల్లాలో. బల్ల మీదికి వచ్చే కాగితాన్ని బట్టి సమావేశం నడుస్తుంది. పట్టుకున్న కిలోలు, పెట్టిన కేసులే కాగితంలో ఉంటే పోలీసులు మాట్లాడతారు, మిగతావారు వింటారు. చికిత్సకు వచ్చినవారు, ఆరు నెలల తర్వాత కూడా మందు తీసుకుంటున్నవారు, మూతపడిన బెల్టు దుకాణాలు, మారిన పంట ఎకరాలు కూడా అదే కాగితంలో ఉంటే అందరూ మాట్లాడాల్సి వస్తుంది.

పొరుగున కేరళ 2016లో మొదలుపెట్టిన విముక్తి కార్యక్రమం ఒక దారి చూపింది. అక్కడ ఎక్సైజ్ శాఖే అవగాహన, చికిత్స పనులను కూడా భుజానికెత్తుకుంది. స్థానిక సంస్థలతో కలిసి వార్డు స్థాయి కమిటీలు వేసింది. దాడి చేసే శాఖకు, చికిత్సకు పంపే శాఖకు మధ్య దూరం తగ్గించడం దాని ఉద్దేశం. కేరళలో మత్తు సమస్య పోలేదు. అయినా అమలు శాఖకు వైద్యం బాధ్యత అప్పగించవచ్చని తేలింది.

తెలుగు జిల్లాల్లో పనులను ఒక వరుసలో పెట్టడం సాధ్యమే. కల్లు డిపో మీదో బట్టీల మీదో దాడులు ఖరారయ్యే ముందు ఎక్సైజ్ సూపరింటెండెంట్ జిల్లా వైద్యాధికారికి గుట్టుగా కబురు పెట్టాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు (పీహెచ్‌సీలకు) మందులు చేరాక దాడి జరగాలి. బట్టీ మూసిన కుటుంబానికి వేరే ఉపాధి చూపాలి. కాలేజీలో గంజాయితో దొరికిన విద్యార్థి స్టేషను నుంచి నేరుగా సలహాదారు దగ్గరికి వెళ్లే దారి ఉండాలి. ఆశా కార్యకర్త, పొదుపు సంఘం, పంచాయతీ కలిసి ఊళ్లో చికిత్స అవసరమైనవారిని గుర్తించాలి. ఆ పేర్లు పోలీసు దస్త్రంలోకి పోకూడదు. పోతే మరుసటి నెల ఒక్క పేరూ రాదు.

చికిత్స ముగించుకుని ఊరికొచ్చే మనిషి దగ్గర ఈ ఏర్పాటంతా తేలిపోతుంది. బస్సు దిగిన చోట బెల్టు దుకాణం తెరిచి ఉంటే ఎక్సైజ్ శాఖ, పంచాయతీ ఓడినట్టు. నెలాఖరుకు మందు పీహెచ్‌సీలో దొరక్కపోతే ఆరోగ్య శాఖ ఓడినట్టు. పనికి పిలిచేవారు లేకపోతే ఊరు ఓడినట్టు. ఈ మూడూ సరిగా ఉంటే అతను నిలదొక్కుకోవచ్చు, ఒకసారి జారినా తిరిగి లేచే చోటు అతనికి ఉంటుంది.